తెనాలి పట్టణము - సాహిత్యమున శ్రమజీవనము

తెనాలి యనగనే తెలుగు చదువరికి రెండు విషయములు స్ఫురించును. ఒకటి రామకృష్ణకవి పేరు. రెండవది ‘ఆంధ్రా పారిస్’ అను బిరుదము. ఈ రెండును పట్టణమునకు కీర్తి తెచ్చినవే. కాని వీనివలన పట్టణ జనమును గూర్చి మనకు తెలియునది స్వల్పము. తెల్లవారకమునుపే హోటలు పొయ్యి రాజబెట్టువారెవరు, ధాన్యపు బస్తాలు మోయువారెవరు, నాటకము ముగిసిన పిదప తెరలు చుట్టి బండికెక్కించువారెవరు అను ప్రశ్నలకు ఈ బిరుదములలో సమాధానము దొరకదు. అది తెనాలి రచయితల వాఙ్మయమున దొరకునా, దొరకినచో ఏ రూపమున దొరకును, మన విమర్శ దానిని ఎంతవరకు గుర్తించినది అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. తెనాలితోపాటు బాపట్ల, రేపల్లెలను గూడ చేర్చుకొంటిమి. అందుకు కారణము ముందు విశదమగును.

మా ప్రతిపాదనమిది. సాహిత్యమున రెండు తెనాలులున్నవి. చదువుతోను, కళతోను పైకివచ్చి చెన్నపట్టణమో మరియొక నగరమో చేరినవారి తెనాలి యొకటి. కూలికై, కొలువుకై ఎక్కడనుండియో వచ్చి చేరినవారి తెనాలి మరియొకటి. మొదటిదానిని మన సాహిత్యచరిత్రలు చక్కగా ఎరుగును. రెండవదానిని ఎరిగినను జాలితో ఎరుగునేకాని విమర్శదృష్టితో ఎరుగవు. ఈ లోపము ఒక రచయితకు జరిగిన అన్యాయము మాత్రమే కాదు. పట్టణ సాహిత్యమును చదువు పద్ధతియందలి లోపము.

1

తెనాలి ప్రాచీన రాజధాని కాదు. కాలువలవలనను, రైలుమార్గములవలనను పెరిగిన పట్టణమది. 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన కృష్ణా ఆనకట్ట పశ్చిమ డెల్టాను మాగాణిగా మార్చెను. కాలువలు ఊరి నడుమనుండి సాగినవి. నీటితోపాటు పడవలపై సరుకును తెచ్చినవి. 1899లో బెజవాడను చెన్నపట్టణముతో కలుపు రైలుమార్గము పూర్తియైనది. 1909లో పురపాలక సంఘమేర్పడెను. 1916లో గుంటూరునుండి తెనాలికిని, తెనాలినుండి రేపల్లెకును శాఖామార్గములు వచ్చుటతో ఊరు నాలుగు దిక్కుల రాకపోకలకు కూడలి యైనది.

బాపట్ల ఆ ప్రధానమార్గముపైననే యున్నది. రేపల్లె శాఖామార్గపు కొన. రేపల్లెకు ఆవల కృష్ణానది, నిజాంపట్నము, సముద్రము. ఇంగ్లీషు వర్తకుల ఓడ 1611లో ఆ నిజాంపట్నపు తీరమునకే వచ్చినది. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసినది. ఈ మూడు పట్టణములకు నడుమ వరిపొలములు, దుగ్గిరాల పసుపు విపణి, తెనాలి నిమ్మకాయల విపణి, ధాన్యపు మరలు, తీరమున చేపలవేట ఉన్నవి. 2022లో జిల్లాల పునర్విభజనమున బాపట్ల జిల్లాకేంద్రమై రేపల్లె అందులో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. పరిపాలనపు సరిహద్దు మారినను పనివారి మార్గములు దానిని పాటించవు. మూడు పట్టణములను ఒక్కచో చేర్చి చూచుటకు కారణమిదియే.

ఇట్టి పట్టణమున పని రెండు విధములు. పొలముననుసరించు పని యొకటి. నాట్లు, కోతలు, నూర్పిళ్లు, పిదప మినుము. ఆ ఋతువుననుసరించియే మరలయందు కూలియు, బండ్లకు బాడుగయు పెరుగును, తగ్గును. కూడలిననుసరించు పని రెండవది. హోటలు, రైలు స్టేషను, దుకాణము, అచ్చుకూటము, నాటకశాల. దీనికి ఋతువు లేదు, గంటలు మాత్రమే కలవు. మొదటి విధమునకు జానపద సాహిత్యమున నాట్లపాటలు, దంపుళ్లపాటలు సాక్ష్యమిచ్చుచున్నవి. రెండవ విధమునకు సాక్ష్యము ఆధునిక కథ, నవలలలోనే వెదకవలెను. ఏలయన హోటలులో పనిచేయువానికి పనిపాట లేదు. వాని పనియే ఇతరుల కేకలకు బదులు పలుకుట.

2

పట్టణమును వర్ణించుట మన కవులకు క్రొత్త కాదు. కావ్యమునకు విహితములైన అష్టాదశ వర్ణనములలో నగరవర్ణనము ముఖ్యమైనది. ప్రబంధమును తెరచినచో కోట, అగడ్త, మేడలు, ఏనుగులు, గుఱ్ఱములు, నాలుగు వర్ణములవారు, వారకాంతలు వరుసగా కానవత్తురు. వీరిలో చేతులతో పనిచేయుచుండగా మనకు స్పష్టముగా కనబడువారు పుష్పలావికలు. కాని వారి పనియు శృంగారమునకు ఉపకరణమే. పూలు కోయుటకు ఎప్పుడు లేచినదో, దండకు ధర యెంతో కవికి పట్టదు. విటునితో ఆమె యాడు చమత్కారపు మాటయే ఆయనకు కావలయును.

క్రీడాభిరామము ఈ మార్గమును కొంత విడిచినది. దాని కర్తృత్వమును గూర్చి, వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదము కలదు. అది మనకిచట ప్రస్తుతము కాదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుచు చూచినదెల్ల ఆ కావ్యమున వచ్చును. పూటకూళ్ల యింటి భోజనము, దానికిచ్చు రూక కూడ వచ్చును. తెలుగు సాహిత్యమున డబ్బిచ్చి తిను అన్నమును గూర్చిన ప్రసిద్ధఘట్టమది. కాని ఆ ఘట్టమును మరల చదువుడు. అందలి దృష్టి తినువానిది. వంటకముల పేర్లు, వాని రుచి తెలియును. వండిన చేతులు కానరావు. తరువాతి కాలమున అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి వృత్తులను, పనిముట్లను పట్టికలుగా కూర్చినది. నిఘంటుకారునకు అది పెన్నిధి. అయినను పట్టికలోని పనిముట్టు పట్టికలోనే నిలిచిపోవును, కథను నడుపదు.

ఈ ప్రాంతపు ప్రాచీనతమ లిఖితసాక్ష్యమే ఇందుకు మంచి ఉపమానము. తెనాలి-రేపల్లె మార్గముననున్న భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు ధాతుమంజూషలు, వానిపై బ్రాహ్మీలిపి శాసనములు బయల్పడినవి. కుబీరకుడను రాజు పేరుతోపాటు నిగమమునకు చెందిన పలువురి పేర్లు వానియందు చెక్కబడి యున్నవి. నిగమమనగా పట్టణమనియు, వర్తకశ్రేణి యనియు పండితులు చెప్పుదురు. క్రీస్తుకు పూర్వపు తెలుగునేలపై నివసించిన పట్టణజనుల పేర్లను చదువుచున్నామన్న సంతోషము కలుగక మానదు. కాని ఆ పేర్ల పట్టికలో వారేమి పనిచేసి బ్రతికిరో లేదు. దానమిచ్చినవాని పేరు శిలపై నిలిచినది. ఆ శిలను తొలిచినవాని పని శిలయందు నిలిచినది, పేరు నిలువలేదు. రెండువేల యేండ్లుగా పట్టణ వాఙ్మయమున కొనసాగిన పద్ధతి ఇదియే.

3

ఇట్టి లోపము మనకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున మన్సీ యను నడితరపు పట్టణము కలదు. రాబర్టు లిండు, హెలెన్ లిండు దంపతులు ఆ పట్టణపు పేరు మరుగుపరచి, ‘మిడిల్‌టౌన్’ అను పేర 1929లో ఒక గ్రంథము ప్రకటించిరి. జీవనోపాధి, గృహనిర్వహణము, పిల్లల శిక్షణము, తీరిక, మతము, ప్రజాకార్యములు అను ఆరు శీర్షికలతో ఆ పట్టణ జీవనమును విభజించి పరిశీలించిరి. జీవనోపాధికి ప్రథమస్థానమిచ్చుట గమనింపదగినది. జనులను శ్రామికవర్గము, వ్యాపారవర్గము అని రెండుగా విడదీసి, ఎవరు ఉదయము ఎన్నిగంటలకు లేతురను చిన్న విషయమును గూడ అడిగిరి. శ్రామికుల యిండ్లలో దీపము ముందుగా వెలుగును. ఆ యొక్క భేదమే కుటుంబము కలిసి కూర్చుండు వేళను, సభలకు పోవు వేళను, స్నేహములను నిర్ణయించునని వారు కనుగొనిరి.

అంతటి శ్రద్ధతో వ్రాసిన గ్రంథమున మన్సీలోని నల్లజాతి ప్రజలకు చోటు లేకపోయినది. ఆ లోపమును పూరించుచు ఆ ప్రజల చరిత్ర గ్రంథరూపమున వెలువడుటకు 2004 వరకు వేచియుండవలసి వచ్చినది. పనిని ముందుంచుకొని పట్టణమును చూచుట ఆ గ్రంథమునుండి మనము నేర్చుకొనవలసిన పాఠము. పనిని చూచు కన్నులకు గూడ కొందరు పనివారు కనబడకపోవచ్చుననుట దాని లోపమునుండి నేర్చుకొనవలసిన పాఠము. ఈ రెండును మనకు పనికివచ్చును.

4

ఇక తెనాలి రచయితల వద్దకు వత్తము. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో జన్మించెను. అచటనే పాఠశాల చదువు చదివెను. పిదప పెక్కు ఊళ్లు తిరిగి, 1952 నుండి 1980లో మరణించువరకు మద్రాసులో చందమామ సంపాదకత్వమున నుండెను. ఆయన ‘చదువు’ నవల సుందరమను బాలుని అక్షరాభ్యాసముతో మొదలై అతని యౌవనమువరకు నడచును. మొదటి ప్రపంచయుద్ధమునాటి నుండి ఆర్థికమాంద్యము వరకు గల కాలము అందు కథకు ఆధారము. చదువు ఉద్యోగమునకు పెట్టుబడి యని తలచిన కుటుంబములకు ఆ పెట్టుబడి యెట్లు ఫలించినది, ఎట్లు ఫలింపకపోయినది అనునది అందలి ప్రశ్న. డబ్బును ఇంత నిస్సంకోచముగా నవలలోనికి తెచ్చిన రచయితలు ఆయనకు పూర్వము అరుదు. కాని ఆ నవలయందు పట్టణము విడిచిపోవుటకు గల స్థలము. పాఠశాల మెట్లవంటిది, మెట్లెక్కినవాడు మరియొక చోట తేలును. చక్రపాణి జీవితరేఖయు ఇట్టిదే. 1908లో తెనాలిలో జన్మించిన ఆయన 1947లో మద్రాసున నాగిరెడ్డితో కలిసి చందమామను నెలకొల్పెను. పిదప చలనచిత్రములు నిర్మించెను. ఈ ప్రతిభావంతులందరిని లెక్కించి తెనాలికి బిరుదమిచ్చితిమి. లెక్క తప్పు కాదు. అయితే అది రైలెక్కినవారి లెక్క.

రైలు దిగినవారిలో ఒకడు యస్. నటరాజన్. పుదుక్కోటనుండి 1937లో, పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున తెనాలికి వచ్చెను. మాతృభాష తమిళము. హోటళ్లలో సర్వరుగా పనిచేయుచు తెలుగు నేర్చుకొని, ‘శారద’ అను పేర కథలు, నవలలు వ్రాసెను. ‘ఏది సత్యం’, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ ఆయన నవలలు. 1955లో, ముప్పదియేండ్లు దాటీ దాటకముందే మరణించెను. ఆయన మిత్రుడు ఆలూరి భుజంగరావు సైతము తెనాలి హోటళ్లలో పనిచేసినవాడే. హిందీ నేర్చి రాహుల్ సాంకృత్యాయన్ గ్రంథములను తెనిగించినవాడు. మిత్రుని జీవితమును ఆయన ‘సాహిత్య బాటసారి శారద’ యను గ్రంథమున చిత్రించెను. ఒక పట్టణపు హోటళ్లలో వడ్డించిన ఇరువురు, ఒకడు నవలాకారుడుగా, ఒకడు అనువాదకుడుగా, పరభాషలను స్వాధీనము చేసికొని తెలుగునకు సేవచేయుట మన వాఙ్మయచరిత్రలో అరుదైన సంఘటన.

శారదను గూర్చి వ్రాయువారు తరచుగా ఆయన దారిద్ర్యముతో మొదలుపెట్టి ఆయన మరణముతో ముగింతురు. నడుమ రచనలు మిగిలిపోవును. హోటలు కార్మికుడు వ్రాసినాడు గనుక హోటలు జీవితము వర్ణింపబడియుండునని తలచి ఆ నవలలను తెరచినవాడు ఆశ్చర్యపడును. అవి సర్వరు ఆత్మకథలు కావు. పట్టణ కుటుంబములు, వానియందలి డబ్బు, దాంపత్యము, పరువు, అనుమానము ఆ నవలల వస్తువులు. అనగా తాను ఎవరికి వడ్డించెనో వారి జీవితమును గూర్చి ఆయన వ్రాసెను. మా దృష్టిలో శారద విశిష్టత ఇచటనే యున్నది. క్రీడాభిరామమున తినువాడు పూటకూళ్లయింటిని చూచెను. శారద నవలలలో వడ్డించువాడు తినువారిని చూచెను. చూపు దిశ మారినది.

ఈ మార్పు ఫలితమేమి? హోటలు బల్లయొద్ద మనుజుడు ఇంటిలోనున్నట్లు ఉండడు, వీథిలోనున్నట్లును ఉండడు. సర్వరు ఎదుట నిలిచియున్నను లేనట్లే భావించి మాటలాడుకొందురు. బేరములు, కుటుంబ కలహములు, పెండ్లి మాటలు, అప్పుల లెక్కలు అచట బయటపడును. వినుచున్నవానికి ఆ గౌరవములో పాలులేదు; కావున దానిని కాపాడవలసిన అక్కరయు లేదు. శారద నవలల పేర్లనే గమనింపుడు. ఒకటి జంటపదము, ఒకటి ప్రశ్న, ఒకటి సంగీతశాస్త్రమున దోషమును తెలుపు మాట. ఏ పేరును నాయకునిది కాదు, ఊరిది కాదు. మూడును తీర్పునకు సంబంధించినవి. మూడింటియందును తీర్పు ముగియలేదు. మంచి యేదో చెడు యేదో అందరికి తెలియునని భావించు సమాజమున, అది ఎవరి లెక్క యని అడుగుట ఈ పేర్లయందే వినబడుచున్నది. పనివాని దృష్టి పనిని వర్ణించుటయందే యుండనక్కరలేదు. యజమానుల నీతిని చూచు తీరునందుండుటయు పనియొక్క ముద్రయే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. రచయిత వృత్తితో రచన విలువను కొలుచుట సాహిత్యవిమర్శ కాదందురు. అది సత్యము. బీదవాడు వ్రాసినంత మాత్రమున నవల గొప్పది కాదు. పత్రికలకై, అలసట నడుమ వ్రాసినవానిని ఆ దృష్టితోనే క్షమింపవలెనని మేము కోరము. కాని వృత్తిని పూర్తిగా విడిచిన విమర్శయు నిష్పాక్షికము కాదు. కుటుంబరావు నవలను చదువునపుడు మధ్యతరగతి విద్యావంతుని అనుభవము దానికి మూలమని మనము సహజముగా గ్రహింతుము. దానిని రచనాశక్తిలో భాగముగా లెక్కింతుము. శారద విషయమున అదే అనుభవమును జీవితచరిత్రలోనికి నెట్టి, రచనను వేరుగా ఉంచుచున్నాము. ఒకనికి అనుభవము కళ, మరియొకనికి కష్టము. ఈ రెండు త్రాసులు పనికిరావు.

5

నాటకరంగమునకు గూడ ఈ మాట వర్తించును. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో జన్మించెను. స్త్రీపాత్రధారణమున ఆంధ్రదేశమును మెప్పించెను; తెనాలి రామవిలాస సభ ఆయన కీర్తికి ముఖ్యస్థానమైనది; 1956లో పద్మశ్రీ లభించెను. సత్యభామగా ఆయన సౌకుమార్యమును గూర్చి లెక్కకు మించిన ప్రశంసలున్నవి. ఆయన తన రంగస్థలానుభవములను ‘నటస్థానము’ అను గ్రంథమున వ్రాసియుంచెను. స్త్రీవేషము పురుషునకు స్వభావము కాదు. నడక, చూపు, చీరకట్టు, కంఠము అన్నియు సాధనతో వచ్చినవి. తెల్లవారుజాము వరకు సాగు నాటకమునకు ప్రతి రాత్రియు శరీరమును సిద్ధపరచుకొనుట కూలిపని వంటి పనియే. దీనిని శ్రమగా వర్ణించినచో కళకు గౌరవము తగ్గునను శంక కొందరికి కలుగవచ్చును. మాకు అట్లు తోచదు. బాపట్లనుండి తెనాలికి వచ్చిన ఆ నటుడును, పుదుక్కోటనుండి తెనాలికి వచ్చిన ఆ సర్వరును ఒకే కూడలికి పనిని వెదకికొని చేరినవారే. ‘ఆంధ్రా పారిస్’ బిరుదము మొదటివానిని చేర్చుకొని రెండవవానిని విడిచినది. పారిస్ నగరమునందు గూడ వంటగది కలదు.

భాషావిషయమున మరియొక్క మాట. భద్రిరాజు కృష్ణమూర్తి నిర్వహణమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయమునకు చెందినది, 1962లో వచ్చినది. రెండవది చేనేతకు చెందినది, 1971లో వచ్చినది. తరతరముల వృత్తులలో పదములు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును గనుక అట్టి కోశమునకు అవి సహజమైన ఆరంభము. హోటలు, రైలు స్టేషను, ధాన్యపు మర అట్టివి కావు. అచట పనివాడు ఇతర ప్రాంతమునుండి, ఒక్కొక్కచో ఇతర భాషనుండి వచ్చును. సర్వరు, గల్లా, బాడుగ, బస్తా మొదలగు మాటలు ఇంగ్లీషు, ఉర్దూ, తమిళ కన్నడములతో కలిసి కూడలిలో పుట్టిన తెలుగు. తమిళ బాలుడు తెలుగు నవలాకారుడగుటకు అట్టి భాష తోడ్పడినది. వ్యావహారికోద్యమ చరిత్రను పండితుల వాదములతోనే వ్రాయు మనము, ఆ భాషను బడిలో కాక పనిలో నేర్చిన రచయితలను అందు చేర్చలేదు. గిడుగు వాదమునకు వారి రచనలు గొప్ప నిదర్శనములు.

6

కావున పట్టణ సాహిత్యమును పరిశీలించు విద్యార్థులు మూడు ప్రశ్నలు అడుగవలెనని మేము సూచించుచున్నాము. పని కథను నడుపుచున్నదా, లేక దృశ్యమునకు అలంకారముగా నున్నదా యనునది మొదటిది. హంసవింశతిలోని పనిముట్ల పట్టికకును, సుందరము ఉద్యోగాన్వేషణకును గల భేదము దీనివలన తెలియును. చూచువాడు ఎచట నిలిచియున్నాడను ప్రశ్న రెండవది. వడ్డించువాని వైపునుండి చూచినచో అదే భోజనపు బల్ల వేరు కథ చెప్పును. ఈ గ్రంథమున కనబడనివారెవరు అనునది మూడవ ప్రశ్న. దీనిని శారదకు గూడ వర్తింపజేయవలెను. తీరమున వలలు లాగు మత్స్యకారులు, మాగాణిలో నాట్లువేయు స్త్రీలు, పసుపు, నిమ్మకాయలు ఏరు కూలీలు మన నవలలలో ఎంతవరకు మాటలాడుచున్నారు? తెనాలి గొప్పతనమును చాటుటతో ఈ ప్రశ్న తీరదు, తెనాలి లోపమును చాటుటతోను తీరదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలోని గ్రంథాలయములు, నాటకసమాజముల లెక్కపుస్తకములు, పాత వారపత్రికల సంపుటములు, వృద్ధులైన పనివారి జ్ఞాపకములు ఇందుకు ఆకరములు. వారపత్రికల కాగితము ఏటేట పెళుసగుచున్నది. ఆ పనులు చేసినవారి తరము వేగముగా తరిగిపోవుచున్నది. ముందుగా చేయవలసినది శారద రచనలను తొలి ముద్రణములతో సరిచూచి, కాలక్రమమున కూర్చి, ఆయన తెలుగు ఏడాది యేడాదికి ఎట్లు మారినదో పరిశీలించుట. భట్టిప్రోలు శాసనకర్తలు దాతల పేర్లను శిలపై భద్రపరచిరి. వడ్డించినవాని పేరు, మాట, పని మనకు కాగితముపైననే యున్నవి. ఆ కాగితము ఉన్నపుడే చదువుట మన విధి.